పొగఓడకు అసలు చిక్కు అమరం దగ్గరే

మీ ప్రశ్న సారాంశం ఇది: 1807లోనే అమెరికాలో హడ్సన్ నదిలో ఆవిరి పడవ నడిచింది కదా, మరి 1850 దాకా పెద్ద యుద్ధనౌకలన్నీ తెరచాపల మీదే ఎందుకు ఆధారపడ్డాయి? అడ్మిరళ్ల మొండితనమా? అసలు చెక్క ఓడ కడుపులో కొలిమి పెట్టడం పిచ్చిపని కాదా?

నేను ఓడల ఇంజను గదుల్లో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో మొదటి ఆరేళ్లు ఆవిరి ఓడలే. కాబట్టి చరిత్రకారుడిలా కాకుండా ఇంజను గదివాడిలా జవాబు చెబుతాను. మొండితనం కొంత ఉంది, కాదనను. కానీ అసలు కారణం అది కాదు. ఇంజను తయారుచేయడం వాళ్లకు అంత కష్టం కాలేదు. ఆ ఇంజను శక్తిని ఓడ లోపలి నుంచి బయటి నీళ్లలోకి ఎలా తీసుకెళ్లాలన్నదే వాళ్లను నలభై ఏళ్లు తిప్పలు పెట్టింది. మన తీరంలో బెస్తవాళ్లు పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనక భాగాన్ని అమరం అనీ అంటారు. ఈ కథంతా చివరికి ఆ అమరం దగ్గరికే చేరుతుంది.

ముందు నిప్పు సంగతి తేల్చేద్దాం. చెక్క ఓడలో నిప్పు కొత్తేమీ కాదు. తెరచాపల రోజుల్లో కూడా ఎనిమిది వందల మందికి వంట ఓడలోనే, ఇనప పొయ్యిల మీదే జరిగేది. పక్కనే టన్నుల కొద్దీ మందుగుండు ఉండేది. వాళ్లకు నిప్పుతో కాపురం అలవాటే. భయం లేదని కాదు. ఆ భయంతో ఎలా బతకాలో తెలుసు, అంతే.

బాయిలర్ పేలుతుందేమోనన్న భయం కూడా మనం ఊహించుకున్నంత లేదు. దీనికి మీ వంటింట్లోకి వెళ్దాం. కుక్కర్ విజిల్ వేసే వేళకు లోపల పీడనం చదరపు అంగుళానికి దాదాపు 15 పౌండ్లు ఉంటుంది. 1840ల నాటి యుద్ధనౌకల బాయిలర్లలో ఉండేది 5 నుంచి 10 పౌండ్లు. మీ అమ్మగారు పప్పు ఉడికించే కుక్కర్‌లో ఉన్నంత పీడనం కూడా వాటిలో లేదు! మరి అంత తక్కువ పీడనంతో వెయ్యి టన్నుల ఓడ ఎలా కదిలింది? నిజానికి పిస్టన్‌ను లాగింది చాలావరకు ఆవిరి కాదు, శూన్యం. సిలిండర్‌లోంచి బయటికొచ్చిన ఆవిరిని చన్నీళ్లతో చల్లారిస్తే అది ఒక్కసారిగా నీళ్లయిపోతుంది, అక్కడ శూన్యం ఏర్పడుతుంది, పిస్టన్ అటు గుంజుకుపోతుంది. అందుకే సిలిండర్లు మనిషి లోపల నిలబడగలిగేంత పెద్దవిగా ఉండేవి. పీడనం తక్కువ కాబట్టి వైశాల్యం పెంచారు. ఆ వైశాల్యంతో పాటు బరువూ పెరిగింది, బొగ్గు ఖర్చూ పెరిగింది.

బొగ్గు ఖర్చు పెరగడానికి ఇంకో కారణం ఉప్పు. వాళ్లు బాయిలర్‌లో పోసింది సముద్రపు నీళ్లే. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకోవడం మీరు చూసే ఉంటారు. సముద్రపు నీళ్లను రోజుల తరబడి మరిగిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. సముద్రపు నీళ్లలో ఉప్పు బరువులో దాదాపు ముప్పైరెండో వంతు ఉంటుంది. అందుకే అప్పటి ఇంజనీర్లు బాయిలర్ నీళ్ల ఉప్పదనాన్ని ముప్పైరెండో వంతుల లెక్కలోనే కొలిచేవారు. అది ముప్పైరెండింట రెండు మూడు వంతులు దాటకముందే, కష్టపడి కాచిన ఆ వేడినీళ్లలో కొంత సముద్రంలోకి వదిలేసి, కొత్తగా చల్లటి ఉప్పునీళ్లు పట్టుకోవాలి. పోయిన వేడి అంతా బొగ్గే. ఇంత చేసినా గట్టి పొర పేరుకునేది. ఓడ ఆగినప్పుడు స్టోకర్లు (కొలిమికి బొగ్గు వేసేవాళ్లు) లోపలికి దూరి సుత్తీ ఉలీ పెట్టి గీకేవారు. బాయిలర్లు కొన్నేళ్లకే చిల్లులు పడేవి. ఒక ఓడ ఏ ఏడాది యుద్ధానికి పనికొస్తుందో నిర్ణయించేది చాలాసార్లు దాని బాయిలర్ వయసే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇక శక్తిని బయటికి తీసుకెళ్లే సంగతి. మొదట దొరికిన దారి చక్రం. ఓడకు రెండు పక్కలా పెద్ద చక్రాలు, వాటికి తెడ్డు పలకలు. నదిలో ఇది అద్భుతంగా పనిచేసింది. దీనికి మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. కలకత్తా దగ్గర ఖిదిర్‌పూర్‌లో 1823లో 'డయానా' అనే చిన్న చక్రాల పొగఓడ కట్టారు. మరుసటి ఏడు బర్మాతో యుద్ధం వచ్చింది. కెప్టెన్ మారియట్ అనే నావికాధికారి పట్టుబట్టి దాన్ని రంగూన్‌కు తీసుకెళ్లేలా చేశాడు. ఇరావతి నదిలో బర్మా వాళ్ల యుద్ధపడవలు చాలా వేగమైనవి, పదుల మంది తెడ్లు వేసేవారు. కానీ మనుషుల చేతులు అలసిపోతాయి, ఇంజను అలసిపోదు. డయానా వాటిని వెంటాడి అలసిపోయాక పట్టుకునేది. గాలి లేక కదలలేని తెరచాప ఓడలను ప్రవాహానికి ఎదురు లాక్కుపోయేది. ఆ యుద్ధానికి మద్రాసు నుంచి వెళ్లిన సైన్యంలో తెలుగు సిపాయిలూ ఉన్నారు. తర్వాత్తర్వాత కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువాళ్లందరినీ 'కోరంగీలు' అనే పిలిచారు కదా. రంగూన్‌కు మనవాళ్ల రాకపోకలు తర్వాత పొగఓడల మీదే సాగాయి.

నదిలో హీరో అయిన చక్రం సముద్ర యుద్ధంలో జీరో అయింది. ఎందుకంటే యుద్ధనౌక అంటే అప్పట్లో ఒక్కటే లెక్క: పక్క గోడ పొడవునా ఎన్ని ఫిరంగులు పడతాయి? చక్రాల పెట్టెలు సరిగ్గా ఆ గోడ నడిమధ్యన కూర్చుంటాయి. 1845లో నీళ్లలోకి దిగిన బ్రిటిష్ చక్రాల ఫ్రిగేట్ (మధ్యతరహా యుద్ధనౌక) 'టెరిబుల్'ను చూడండి. సుమారు 1850 టన్నుల కొలత. అంతే కొలతున్న తెరచాప ఓడ అయితే 74 ఫిరంగులు మోసేది. టెరిబుల్ మోసింది 19. అవి పెద్ద ఫిరంగులే అనుకోండి, అయినా తేడా చూడండి. పైగా ఆ చక్రం శత్రువుకు కనబడేంత ఎత్తున, బయట ఉంటుంది. ఒక్క గుండు తగిలితే కాలు విరిగిన ఎద్దులా ఓడ ఒకవైపే తిరుగుతుంది. ఇంజనులో కొంత భాగం నీటిమట్టం పైనే ఉండేది. సముద్రం మీద ఓడ ఊగినప్పుడు ఒక చక్రం గాలిలో తిరుగుతుంది, ఇంకోటి ములిగిపోతుంది. బయల్దేరేటప్పుడు బొగ్గు బరువుకు చక్రం లోతుగా ములుగుతుంది, బొగ్గు కాలేకొద్దీ పైకి తేలుతుంది. తెరచాపలతో వెళ్దామంటే ఆ చక్రాలే నీళ్లలో అడ్డు.

కాబట్టి 1830లలో ఒక అడ్మిరల్ "నా పెద్ద ఓడలకు ఈ చక్రాలు వద్దు, లాగడానికి చిన్న పొగఓడలు ఇవ్వండి చాలు" అంటే, అతన్ని నేను మూర్ఖుడనను. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. హడ్సన్‌లో ఆ 1807 పడవ నడిపిన రాబర్ట్ ఫుల్టన్ మాత్రం ఈ చిక్కును ముందే పసిగట్టాడు. 1814లో న్యూయార్క్ రేవు కాపలా కోసం రెండు ఓడలను పక్కపక్కన జోడించి, చక్రాన్ని మధ్య సందులో దాచి, అయిదు అడుగుల మందం చెక్క గోడలతో ఒక తేలే కోట కట్టాడు. అది పూర్తయ్యేలోపు ఆయనా పోయాడు, బ్రిటన్‌తో అమెరికా యుద్ధమూ ముగిసింది. రేవులో పడి ఉండి ఉండి 1829లో లోపలి మందుగుండు పేలి పోయింది. తెలివైన ఆలోచనే, కానీ రేవు దాటి సముద్రంలోకి వెళ్లే సరుకు కాదు.

తర్వాత ప్రొపెల్లర్ వచ్చింది. 1836లో ఇద్దరు విడివిడిగా పేటెంట్ తీసుకున్నారు. ఒకరు ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఇంగ్లిష్ రైతు, ఇంకొకరు స్వీడన్ ఇంజనీరు జాన్ ఎరిక్సన్. స్మిత్ మొదటి ప్రొపెల్లర్ మన కొబ్బరికాయ తురిమే కోరాములా కాదు, పొడవాటి మర మేకులా రెండు చుట్లు తిరిగిన చెక్క ముక్క. 1837లో కాలువలో పరీక్షిస్తుంటే దేనికో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగిపోతుందనుకుంటే, వేగం పెరిగింది! పొట్టి ప్రొపెల్లరే మేలని తెలిసింది అలా. మా వృత్తిలో సగం జ్ఞానం ఇలా విరిగిన వస్తువుల నుంచే వచ్చింది.

ఎరిక్సన్ అదే ఏడాది థేమ్స్ నదిలో అడ్మిరల్టీ (బ్రిటిష్ నౌకాదళ పాలక శాఖ) పెద్దలు కూర్చున్న పడవనే తన చిన్న పడవతో లాగి చూపించాడు. వాళ్లు మెప్పుదల చూపలేదు. వెనక నుంచి తోస్తే ఓడ చుక్కానికి లొంగదని నౌకా నిర్మాణాధికారి సర్ విలియం సైమండ్స్ వాదం అని చెబుతారు. ఎరిక్సన్ అమెరికా వెళ్లిపోయాడు. అక్కడ 1843లో నీళ్లలోకి దిగిన 'ప్రిన్స్‌టన్' ప్రొపెల్లర్ యుద్ధనౌకకు ఇంజను ఇచ్చాడు. దాని ఇంజనంతా నీటిమట్టం కింద, గుండుకు అందకుండా ఉంది. ఆ ఓడ పేరు చెడింది ఇంజను వల్ల కాదు, ఫిరంగి వల్ల. 1844 ఫిబ్రవరి 28న అతిథులకు చూపిస్తూ కాల్చిన 'పీస్‌మేకర్' అనే పెద్ద ఫిరంగి పగిలి, విదేశాంగ మంత్రి, నౌకాదళ మంత్రి సహా ఆరుగురు చనిపోయారు. అధ్యక్షుడు టైలర్ ఆ క్షణాన కింది అంతస్తులో ఉండి బతికిపోయాడు.

ఇక్కడ ఎక్కడ చూసినా కనిపించే ఒక కథను సరిచేయాలి. 1845 ఏప్రిల్‌లో బ్రిటిష్ వాళ్లు ప్రొపెల్లర్ ఓడ 'రాట్లర్'నూ, చక్రాల ఓడ 'అలెక్టో'నూ వెనకా వెనకా కట్టి తాడు లాగుడు పోటీ పెట్టారు. రాట్లర్, అలెక్టోను రెండున్నర నాట్లకు (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) పైగా వేగంతో వెనక్కి ఈడ్చుకుపోయింది. దాంతోనే ప్రొపెల్లర్ గెలిచిందని అందరూ రాస్తారు. మంచి తమాషా, కానీ అప్పటికే నిర్ణయం జరిగిపోయింది. ప్రొపెల్లర్ ఓడలకు ఆర్డర్లు ముందే వెళ్లాయి. పైగా ఇంజనీరు కళ్లతో చూస్తే ఆ పోటీ న్యాయమైంది కూడా కాదు. ఓడ వెనక్కి పోతుంటే చక్రం నెమ్మదిస్తుంది. చక్రం నేరుగా ఇంజనుకే తగిలించి ఉంటుంది కాబట్టి ఇంజను తిరిగే వేగమూ పడిపోతుంది, శక్తీ పడిపోతుంది. అలెక్టో తన పూర్తి బలం చూపే అవకాశమే రాలేదు. అసలు విలువైన పని దానికి ముందు జరిగింది. రాట్లర్‌కు రకరకాల ప్రొపెల్లర్లు, పొడవు మార్చి, రెక్కలు మార్చి, నెలల తరబడి బిగించి చూశారు. దాన్ని ఎవరూ కథగా చెప్పరు, ఎందుకంటే అందులో తాడు లాగుడు లేదు. అన్నట్టు ఈ రాట్లర్ కూడా 1852లో రెండో బర్మా యుద్ధానికి రంగూన్ వచ్చింది.

ఇప్పుడు అమరం దగ్గరికి వద్దాం. నేను తీరిగ్గా చెప్పాలనుకున్నది ఇదే.

చెక్క యుద్ధనౌక ఒక్క ముక్క కాదు. వేల చెక్క ముక్కలను బోల్టులతో, కొయ్య మేకులతో కూర్చిన పెద్ద బుట్ట. పలకల సందుల్లో నార దట్టించి తారు పోస్తారు. బుట్టలాగే అది వంగుతుంది, కిర్రుమంటుంది. ఓడ నడుము లావుగా ఉంటుంది కాబట్టి నీళ్లు దాన్ని బాగా మోస్తాయి. రెండు చివర్లు సన్నగా ఉంటాయి, అక్కడ నీటి ఆసరా తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ చివర్లు కిందికి వాలి నడుము పైకి లేస్తుంది. అందుకే చెక్క ఓడను ఇష్టమొచ్చినంత పొడవు కట్టలేరు. ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో పోరాడిన 'విక్టరీ' ఫిరంగి అంతస్తు పొడవు 186 అడుగులు. రాబర్ట్ సెపింగ్స్ అనే నిర్మాత లోపల ఏటవాలు దూలాలు వేసి పొడవు పెంచే దారి చూపాడు, తర్వాత ఇనప పట్టీలు వచ్చాయి. అయినా చెక్క చెక్కే.

ఇలాంటి ఓడలో ప్రొపెల్లర్ ఎక్కడ పెట్టాలి? సరిగ్గా అన్నిటికంటే బలహీనమైన చోట, అమరంలో. వెనక నిలువు దూలానికీ చుక్కానికీ మధ్య పెద్ద కిటికీ కోయాలి. ఆ దూలం గుండా మనిషి నడుమంత రంధ్రం తొలిచి, ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసును, అంటే షాఫ్ట్‌ను, బయటికి పంపాలి. టన్నుల బరువున్న కంచు ప్రొపెల్లర్‌ను, నీటి ఆసరా లేని చోట వేలాడదీయాలి. అది తిరుగుతూ దడదడలాడిస్తుంటే, సందుల్లో దట్టించిన నార ఊడి రాకుండా చూసుకోవాలి.

మొదట్లో ఇంకో తప్పూ చేశారు. తెరచాప ఓడల వెనక భాగం నీళ్లలో లావుగా, మొద్దుగా ఉంటుంది. బరువైన ఫిరంగులను మోయడానికి అది అవసరం. కానీ ప్రొపెల్లర్‌కు నీళ్లు సాఫీగా అందాలి. మొద్దు వెనక భాగం వెంట వచ్చే నీళ్లు సుడులు తిరుగుతాయి, ప్రొపెల్లర్ ఆ సుడుల్లో ఊరికే చిలుకుతుంది. 'డ్వార్ఫ్' అనే చిన్న ప్రొపెల్లర్ ఓడ వెనక భాగానికి కావాలనే పొరలు పొరలుగా చెక్క తొడిగి లావు చేసి నడిపారు. వేగం సగానికంటే కిందికి పడిపోయింది. పొరలు ఒక్కొక్కటీ తీసేకొద్దీ వేగం తిరిగొచ్చింది. నాకు తెలిసి ఓడల చరిత్రలో ఇంత చవగ్గా, ఇంత స్పష్టంగా జరిగిన ప్రయోగాలు తక్కువ. ఆ తర్వాతే వెనక భాగాన్ని సన్నగా, పొడుగ్గా గీయడం మొదలైంది. సన్నగా గీస్తే నీటి ఆసరా ఇంకా తగ్గుతుంది, ఓడ ఇంకా వాలుతుంది. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి.

షాఫ్ట్ బయటికొచ్చే చోట బేరింగ్ ఇంకో తలనొప్పి. షాఫ్ట్ తిరగాలి, నీళ్లు లోపలికి రాకూడదు. మొదట ఇత్తడి బేరింగులు వేశారు. ఇసుక కలిసిన నీళ్లలో, ఆ బరువుకు, అవి కొన్నాళ్లకే అరిగిపోయేవి. అరిగాక షాఫ్ట్ కొట్టుకుంటుంది, కొట్టుకుంటే సందు పెరుగుతుంది, సందులోంచి సముద్రం లోపలికొస్తుంది. 1855 చివర్లో 121 ఫిరంగుల 'రాయల్ ఆల్బర్ట్'కు ఇదే జరిగింది. రష్యాతో యుద్ధం జరుగుతున్న క్రిమియా నుంచి వస్తుండగా షాఫ్ట్ గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ నీళ్లు రాకుండా బిగించే మూత) దగ్గర నీళ్లు ఆగకుండా వచ్చేసరికి, మునిగిపోకుండా గ్రీకు దీవి జియా ఒడ్డున ఓడను ఇసుకలోకి ఎక్కించాల్సి వచ్చింది. శత్రువు గుండు ఒక్కటీ తగలకుండానే ఒక మహా యుద్ధనౌక తన తోకలోని రంధ్రం వల్ల మునగబోయింది.

దీనికి మందు కనిపెట్టింది జాన్ పెన్ అనే లండన్ ఇంజను నిర్మాత. 1854లో ఆయన ఇత్తడి తీసేసి, లిగ్నమ్ వైటీ అనే కరీబియన్ కర్ర బద్దలు పేర్చిన బేరింగ్ తెచ్చాడు. అది నీళ్లలో మునిగేంత బరువైన కర్ర. దాంట్లోనే జిగురు లాంటి నూనె ఉంటుంది. బద్దల మధ్య సన్నటి గాళ్లు వదిలితే సముద్రపు నీళ్లే చమురులా పనిచేస్తాయి. లోహం అరిగిపోయే చోట కర్ర ఏళ్ల తరబడి నిలిచింది. చెక్క ఓడను ఆవిరి యుగంలోకి దాటించింది, చివరికి ఇంకో చెక్క ముక్కే.

ఆ కర్రను నేను చేత్తో పట్టుకుని చూశాను. నా ఉద్యోగంలో రెండో ఏట ఒక పాత సరుకు ఓడ మీద ఉన్నాను. షాఫ్ట్ గ్లాండ్ దగ్గర నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతుంటే, మంచిపని చేస్తున్నాననుకుని స్పానర్ తీసుకుని నట్లు బిగించేశాను. చుక్కలు ఆగిపోయాయి. గంటకు మా చీఫ్ వచ్చి గ్లాండ్ మీద చెయ్యి పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకుని, "ఏరా, దాని గొంతు పిసికావా?" అన్నాడు. కారే ఆ నాలుగు చుక్కలే దాన్ని చల్లగా ఉంచుతాయి. అవి కారితే భయం లేదు, ఆగితేనే టెన్షన్. తర్వాత డ్రై డాక్‌లో ఆ బేరింగ్ విప్పినప్పుడు లోపల ఉన్నవి లిగ్నమ్ వైటీ బద్దలే, పెన్ కాలం నాటి పద్ధతే. నల్లగా, నున్నగా, సబ్బులా తగిలాయి చేతికి.

ఈ చిక్కులన్నీ ఒక కొలిక్కి వచ్చాక 1850ల్లో నిజమైన ఆవిరి యుద్ధనౌకలు వచ్చాయి. ఫ్రాన్సులో డుపుయి ద లోమ్ గీసిన 90 ఫిరంగుల 'నెపోలియన్' 1850లో టూలోన్‌లో నీళ్లలోకి దిగింది. బ్రిటిష్ వాళ్లు 1852లో 91 ఫిరంగుల 'ఆగమెమ్నన్'తో జవాబిచ్చారు. దాని పొడవు 230 అడుగులు, ఇంజను పెన్‌దే. సిలిండర్లు ఓడ అడుగున అడ్డంగా పడుకుని ఉండేవి. ఓడ వెడల్పు చాలదు కాబట్టి పిస్టన్ మధ్యలోంచి ఒక బోలు గొట్టం పంపి, కనెక్టింగ్ రాడ్‌ను ఆ గొట్టంలోపలే ఊగేలా చేశాడు. ఇరుకు ఇంట్లో మంచం కిందే సామాను సర్దుకునే ఇల్లాలి తెలివి అది.

కొత్తవి కట్టడంతో పాటు పాతవాటిని కోసి అతికించడమూ జరిగింది. పెంబ్రోక్‌లో తెరచాప ఓడగా సగం కట్టిన ఒక మూడంతస్తుల ఓడను 1852 జనవరిలో రెండు చోట్ల అడ్డంగా కోసి, ముక్కల్ని జరిపి, మధ్యలో మొత్తం 30 అడుగులు అతికించి ఇంజనుకు చోటు చేశారు. ఆ ఇంజను ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? 'సిమూమ్' అనే ఇనప ఫ్రిగేట్ కోసం చేసింది. అప్పటి ఇనుము గుండు తగిలితే గాజులా పగిలి ముక్కలు చిమ్ముతోందని ప్రయోగాల్లో తేలడంతో, ఇనప ఫ్రిగేట్లను సైనికుల్ని మోసే ఓడలుగా మార్చేశారు. ఇనుముకు చేసిన ఇంజను అలా చెక్క కడుపులోకి వెళ్లింది. "అప్పుడే ఇనుముతో ఎందుకు కట్టలేదు" అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. ఆ ఓడ సెప్టెంబరు 14న నీళ్లలోకి దిగింది. అదే రోజు వెల్లింగ్టన్ ప్రభువు చనిపోవడంతో దానికి 'డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్' అని పేరు మార్చారు. మొత్తంగా బ్రిటన్ ఇలాంటి ఆవిరి చెక్క యుద్ధనౌకలు 18 కొత్తగా కట్టి, 41 పాతవాటిని మార్చింది. ఫ్రాన్సు 10 కట్టి, 28 మార్చింది.

వీటి విలువ ఒక్క సంఘటనలో తెలిసిపోయింది. 1853 అక్టోబరులో రెండు దేశాల నౌకాదళాలూ డార్డనెల్స్ జలసంధి దాటాలి. ఎదురుగాలి, ఎదురు ప్రవాహం. తెరచాప ఓడలన్నీ లంగరు వేసుకుని గాలి మారేదాకా చూస్తున్నాయి. 'నెపోలియన్' మాత్రం తన వెనక మూడంతస్తుల 'విల్ ద పారీ'ని కట్టుకుని, రెండింటి బరువూ లాక్కుంటూ, అందరి ముందు నుంచే వెళ్లిపోయింది. తాడు లాగుడు పోటీ కంటే ఇది నాకు పెద్ద రుజువు. మరుసటి ఏడాది అక్టోబరు 17న రష్యా రేవు సెవాస్టోపోల్ కోటల మీద దాడిలో ఆగమెమ్నన్ తనంతట తానే దగ్గరికి వెళ్లి నిలబడింది. తెరచాప ఓడలకు మాత్రం కోట కనబడని పక్కన ఒక్కో పొగఓడను తాళ్లతో కట్టి, చెయ్యి పట్టుకుని గుడ్డివాణ్ణి నడిపించినట్టు నడిపించారు.

అయినా తెరచాపలు పోలేదు. బొగ్గు కొన్ని రోజులకే అయిపోతుంది, గాలి ఎప్పటికీ అయిపోదు. సముద్రం మధ్యలో పొగగొట్టం కిందికి దించి, ప్రొపెల్లర్‌ను ఒక బావిలాంటి గూట్లోంచి పైకి లాగి, తెరచాపలెత్తేవారు. యుద్ధం దగ్గరపడితే "గొట్టం పైకి, ప్రొపెల్లర్ కిందికి" అని ఆర్డర్. టన్నుల కంచును వందల మంది తాళ్లతో లాగే ఆ పనిని నేను చేయలేదు, చేయనందుకు బాధా లేదు.

పొడవు ఆశ మాత్రం చావలేదు. 1858లో బ్రిటిష్ వాళ్లు 'మెర్సీ', 'ఆర్లాండో' అనే చెక్క ఫ్రిగేట్లను 300 అడుగుల ఫిరంగి అంతస్తుతో కట్టారు. పదమూడు నాట్లు దాటి పరిగెత్తాయి. కానీ ఎన్ని ఇనప పట్టీలు వేసినా ఒళ్లు నిలవలేదు, సందులు విచ్చుకుని కారాయి. బుట్టను ఇంకా పెద్దది అల్లలేరని అక్కడ తేలిపోయింది. మరుసటి ఏడాది ఫ్రాన్సు చెక్క మీద ఇనప కవచం తొడిగిన 'గ్లువార్'ను, 1860లో బ్రిటన్ ఇనుముతోనే కట్టిన 'వారియర్'ను దించాయి.

కొత్తవి వచ్చినా పాతవి ఊరుకోలేదు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది దాడిఓడ 'అలబామా' చెక్క ఓడే, ప్రొపెల్లర్ పైకి లాగే రకం. సగం ప్రపంచం తిరిగి 1864 జనవరిలో మలబారు తీరం దగ్గర కూడా ఒక ఉత్తరాది సరుకు ఓడను పట్టుకుని తగలబెట్టింది. అదే ఏడు జూన్ 19న ఫ్రాన్సులో షెర్‌బూర్గ్ ముందు దాన్ని 'కియర్‌సార్జ్' ముంచింది. అదీ చెక్క ఆవిరి ఓడే. ఇంజను ఉన్న చోట పక్క గోడకు లంగరు గొలుసులు వేలాడదీసి, పైన పలకలు కొట్టి దాచుకుంది. అలబామా బాయిలర్లు, అడుగు రాగి రేకులు, మందుగుండు అన్నీ రెండేళ్ల తిరుగుడుకు నీరసించి ఉన్నాయి. నేను చెప్పిన బాయిలర్ వయసు ఇంకా ఘోరంగా కనబడింది చిలీ ఓడ 'ఎస్మెరాల్డా' విషయంలో. 1855లో కట్టిన ఆ చెక్క ఓడ 1879 మే 21న ఇకీకె రేవులో పెరూ ఇనప ఓడ 'వాస్కర్' ఎదురు పడగానే కదలబోయింది. బాయిలర్ అక్కడే చేతులెత్తేసింది. కెప్టెన్ ఆర్తురో ప్రాత్ వాస్కర్ మీదికి దూకి పోరాడుతూ అక్కడే చనిపోయాడు, నడవలేని ఓడ అతని మనుషుల్లో చాలామందితో సహా మునిగిపోయింది.

చూడాలనుకుంటే డెన్మార్క్‌లో ఎబెల్‌టాఫ్ట్ అనే ఊళ్లో 1860 నాటి ఆవిరి ఫ్రిగేట్ 'యూలాండ్' ఇప్పటికీ డాక్‌లో నిలబడి ఉంది. 1864లో యుద్ధం చూసిన ఓడ. మీరెప్పుడైనా వెళ్తే జనం ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగుతుంటారు, మీరు వెనక్కి వెళ్లి అమరం కింద నిలబడండి.

ఇక వాషింగ్టన్‌లో నౌకాదళ మ్యూజియంలో కియర్‌సార్జ్ వెనక దూలం ముక్క ఒకటి ఉంది. అలబామా కాల్చిన పెద్ద గుండు ఒకటి సరిగ్గా ఆ దూలంలో దిగి, పేలకుండా ఇరుక్కుపోయింది. ప్రొపెల్లర్, చుక్కాని, షాఫ్ట్ రంధ్రం అన్నీ ఉన్న చోటు అది. అది పేలి ఉంటే ఆ రోజు మునిగే ఓడ వేరే అయ్యేదేమో. యుద్ధం తర్వాత ఆ దూలాన్ని కోసి, గుండు దాంట్లో ఉండగానే దాచిపెట్టారు.